నెలనెలా కట్టనక్కర్లేని సీఆర్ఎం: ఆఫీసులో ఉన్న విండోస్ డెస్క్‌టాప్‌లోనే పెట్టుకోవచ్చా? (తిరుపతి)

#1 కొండదారి
మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో చిన్న ట్రావెల్స్ ఆఫీసు మాది. నాలుగు సొంత బండ్లు, ఇంకో ఏడెనిమిది అటాచ్‌మెంట్ బండ్లు. కాణిపాకం, శ్రీకాళహస్తి, వెల్లూరు గోల్డెన్ టెంపుల్ ట్రిప్పులే ఎక్కువ. కస్టమర్లలో సగం మంది తమిళనాడు, కర్ణాటక వాళ్లు, ఏడాదికోసారి కొండకొచ్చే కుటుంబాలు. ఫోన్ చేసి "పోయినసారి వచ్చిన డ్రైవర్నే పంపండి" అంటారు. ఆ డ్రైవరెవరో తెలియాలంటే మూడు చోట్ల వెతకాలి: డైరీ, ఎక్సెల్, మా తమ్ముడి వాట్సాప్. ఈలోపు వాళ్లు ఇంకో ట్రావెల్స్‌కి ఫోన్ చేసేసి ఉంటారు.

ఒక ఆన్‌లైన్ సీఆర్ఎం (కస్టమర్ల వివరాలు రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్) ఆరు నెలలు వాడాం. మనిషికింత అని నెలనెలా బిల్లు, మేము ఐదుగురం. బండ్లు ఖాళీగా నిలబడిన నెలలోనూ అదే బిల్లు. చివరికి మానేద్దామని డేటా దించుకుంటే పేర్లు, నంబర్లు వచ్చాయి, వాటి కింద రాసుకున్న నోట్సు మాత్రం రాలేదు. "ముసలావిడ ఉంది, ముందు సీటు కావాలి" లాంటివన్నీ పోయాయి. మాకు పనికొచ్చేవే అవి.

అందుకే నా డేటా నా టేబుల్ కిందే ఉండాలని పట్టుబట్టా. ఆఫీసులో ఐ3 డెస్క్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. లెక్కలు రాసే ట్యాలీ కూడా అందులోనే. లినక్స్ నాకు రాదు. దీంట్లో పెట్టుకోవచ్చా? ఏది పెట్టాలి?

#2 పాతకీబోర్డు
మంగళవారం, రాత్రి 10:25

పెట్టుకోవచ్చు. ఐదుగురికి ఆ మెషీన్ చాలు.

ఉచితంగా దొరికేవాటిలో మీ పనికి చూడాల్సినవి మూడు. సూట్‌సీఆర్ఎం, వీటైగర్, ఎస్పోసీఆర్ఎం. మొదటి రెండూ ఒక ఇంటివే. వీటైగర్ 2004లోనే షుగర్‌సీఆర్ఎం కోడ్ నుంచి విడిపోయింది, బెంగళూరు కంపెనీ. తర్వాత షుగర్ వాళ్లు ఉచిత ఎడిషన్‌ని 6.5 దగ్గర ఆపేశారు. ఆ కోడ్ మీదే 2013లో సూట్‌సీఆర్ఎం మొదలైంది. ఎస్పో మాత్రం ఎవరి దగ్గర్నుంచీ విడిపోలేదు, విడిగా రాసింది. సూట్‌లో లేనిది లేదు, కానీ మీ తమ్ముడు మెనూ చూసే పారిపోతాడు. మీకు ఎస్పో అయితే బాగుంటుంది.

ఇవన్నీ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవి. నడవాలంటే వెబ్ సర్వరు (అపాచీ), పీహెచ్‌పీ, డేటాబేసు (మైఎస్‌క్యూఎల్) మూడూ కావాలి. విండోస్‌లో ఆ మూడూ ఒకే ఇన్‌స్టాలర్లో ఇచ్చేది ఎక్సాంప్. ఎస్పో అడిగే పీహెచ్‌పీ వెర్షను ఉన్నది దించుకోండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి, అక్కడ విండోస్ ఫైళ్లు రాయనివ్వదు. సీ డ్రైవ్‌లో నేరుగా ఎక్సాంప్ అని ఫోల్డరు వస్తుంది, అక్కడే ఉండనివ్వండి. అందులో హెచ్‌టీడాక్స్ అనే ఫోల్డరు ఉంటుంది. ఎస్పో జిప్‌ని అందులో విప్పి, పేరు చిన్నగా 'సీఆర్ఎం' అని మార్చండి. డేటాబేసులు తయారుచేసే పీహెచ్‌పీమైఅడ్మిన్ పేజీలోకి వెళ్లి ఒక ఖాళీ డేటాబేసు, దానికి వేరే యూజరు, గట్టి పాస్‌వర్డు. తర్వాత బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ స్లాష్ సీఆర్ఎం అని కొడితే మిగతాది అదే అడుగుతుంది.

ఒక్క మాట. డేటాబేసు చేసేటప్పుడు కొలేషన్ (అక్షరాలు దాచే, పోల్చే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 ఉన్నదే ఎంచుకోండి. తెలుగు అక్షరం మూడు బైట్లు, పాత యూటీఎఫ్8లో కూడా ఇరుక్కుని కూర్చుంటుంది. కానీ కస్టమర్ పంపిన వాట్సాప్ మెసేజీని కాపీ చేసి అతికిస్తే అందులో దండం పెట్టే బొమ్మ ఉంటుంది కదా, దానికి నాలుగు బైట్లు కావాలి.

ఇంకోటి, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మీ ఐ3 ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతదైతే 11కి మారండి.

#3 అలిపిరి_మెట్లు
బుధవారం, ఉదయం 7:05

ఎందుకన్నా ఈ తలనొప్పి. నెల బిల్లు పోతుందని సంతోషపడతారు గానీ సర్వరు కాపలా ఉద్యోగం మీకే వస్తుంది, జీతం లేకుండా. రాత్రి పదకొండుకి డ్రైవరు ఫోన్ చేసి "సీఆర్ఎం ఓపెన్ కాలేదు" అంటే ఆఫీసు తాళాలు తీసేది ఎవరు?

#4 కొండదారి
బుధవారం, రాత్రి 8:50

ఆ ఉద్యోగం ఎలాగూ నాదే అన్నా. డైరీ పోయినా నన్నే అడుగుతారు.

ఇప్పుడు సమస్య. ఎక్సాంప్ ఎక్కింది. కంట్రోల్ ప్యానెల్లో మైఎస్‌క్యూఎల్ పచ్చగా వచ్చింది. అపాచీ స్టార్ట్ నొక్కితే పచ్చబడినట్టే పడి ఆరిపోతోంది. కింద ఎర్ర అక్షరాల్లో పోర్ట్ 80 ఇంకెవరో వాడుతున్నారని. ఎవరు వాడేది? ఇందులో ట్యాలీ తప్ప ఏమీ లేదే.

#5 మెమరీ_లీక్
బుధవారం, రాత్రి 9:15

పోర్ట్ అంటే ఒక ప్రోగ్రాం వాడుకునే తలుపు నంబరు లాంటిది. అదే ప్యానెల్లో కుడి పక్క నెట్‌స్టాట్ అని బటన్ ఉంది చూడండి. నొక్కి 80 ఎదురుగా పీఐడీ (నడుస్తున్న ప్రోగ్రాం నంబరు) ఎంతుందో చెప్పండి. 4 అని ఉంటే విండోస్‌ది. విండోస్ సొంత వెబ్ సర్వరు ఐఐఎస్‌ని ఎవరో ఎప్పుడో ఆన్ చేసి వదిలేశారని లెక్క.

#6 కొండదారి
బుధవారం, రాత్రి 9:22

4 అనే ఉంది. సర్వీసుల్లో వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ అని ఒకటి నడుస్తోంది. ఆపేయనా?

#7 మెమరీ_లీక్
బుధవారం, రాత్రి 9:26

ఆగండి ఆగండి. ఆఫీసులో వేలిముద్ర హాజరు మెషీన్ ఉందా?

#8 కొండదారి
బుధవారం, రాత్రి 9:31

ఉంది! దాన్ని బిగించడానికి వచ్చిన కుర్రాడు ఈ కంప్యూటర్లోనే ఏదో ఎక్కించి పోయాడు. మీకెలా తెలుసు?

#9 మెమరీ_లీక్
బుధవారం, రాత్రి 9:48

ట్యాలీ ఒక్కటే ఉండే ఆఫీసులో ఐఐఎస్ నడుస్తోందంటే కారణం సాధారణంగా అదే. ఆపేస్తే రేపు పొద్దున డ్రైవర్ల హాజరు పడదు, మీకు అర్థం కాదు. దాన్ని దాని మానాన వదిలేసి మనమే పక్కకి జరుగుదాం. అపాచీ వరుసలో కాన్ఫిగ్ బటన్ నొక్కి హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ తెరవండి. 'లిజన్ 80' ఉన్నచోట 8080 పెట్టండి, సర్వర్‌నేమ్ వరుసలో కూడా. ఇకనుంచి అడ్రసులో లోకల్‌హోస్ట్ పక్కన కోలన్ పెట్టి 8080 కొట్టాలి. 443 దగ్గర కూడా ఇదే గొడవ వస్తే దాన్ని 4433 చేయండి.

#10 కొండదారి
గురువారం, రాత్రి 11:30

అపాచీ నిలబడింది. ఎస్పో స్క్రీన్ వచ్చింది. కానీ రెండు గంటలు ఒక వెధవ పొరపాటులో పోయాయి. నాలాంటి వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ఇన్‌స్టాలర్ జిప్, జీడీ అనే రెండు ఎక్స్‌టెన్షన్లు (పీహెచ్‌పీకి తగిలించే అదనపు భాగాలు) లేవని ఎర్రగా చూపించింది. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ ఫైల్లో ఆ వరుసల ముందున్న సెమీకోలన్ తీసేస్తే చాలని చదివాను. తీశాను, అపాచీ ఆపి స్టార్ట్ చేశాను. ఎర్రగానే ఉంది. మళ్లీ తీశాను, కంప్యూటరే రీస్టార్ట్ చేశాను. అదే ఎరుపు. తీరా చూస్తే ఆ ఫోల్డర్లో ఒకేలాంటి ఫైళ్లు మూడున్నాయి. ఒకటి డెవలప్‌మెంట్, ఒకటి ప్రొడక్షన్ అని తోకలున్నవి. అసలైనది విండోస్ చివరి మూడక్షరాలు దాచేయడంతో ఉత్త 'పీహెచ్‌పీ' అని కనబడుతోంది. నేను మార్చింది తోక ఉన్నదాన్ని! అపాచీ పక్కన కాన్ఫిగ్ బటన్ నుంచి తెరిస్తే సరైన ఫైలే వస్తుందని చివరికి తెలిసింది. అదే ఫైల్లో మెమరీ లిమిట్ 256 ఎం, అప్‌లోడ్ సైజు 50 ఎం చేశాను.

ఎక్కాక సెట్టింగ్స్‌లో బీటూసీ మోడ్ అని ఒక టిక్కు కనిపించింది, పెట్టాను. లేకపోతే ప్రతి కస్టమరుకీ ఒక కంపెనీ పేరు అడుగుతున్నట్టుంది. మా వాళ్లు యాత్రికులు, వాళ్లకి కంపెనీ ఎక్కడిది.

#11 పల్ప్‌డ్రమ్ము
శుక్రవారం, మధ్యాహ్నం 1:10

స్వామీ, చిత్తూరు నుంచి. సంతోషపడే ముందు నా కథ వినండి.

మాది మామిడి గుజ్జు వ్యాపారం, తోతాపురి. రెండేళ్లు సూట్‌సీఆర్ఎం ఇట్లాగే డెస్క్‌టాప్‌లో నడిపాను. జూన్, జూలైలో ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు ఆడతాయి, ఆర్డర్లన్నీ అప్పుడే. ఒక సాయంత్రం గాలివాన. కరెంటు పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిందని నాకు ముందే తెలుసు. మారుస్తాం మారుస్తాం అంటూ ఆర్నెల్లు గడిపాం. మరునాడు పొద్దున మైఎస్‌క్యూఎల్ స్టార్ట్ నొక్కితే "షట్‌డౌన్ అన్‌ఎక్స్‌పెక్టెడ్లీ" అని ఎర్రగా ఒకటే వరుస. ఎన్నిసార్లు నొక్కినా అదే.

నెట్‌లో ఎవడో డేటా ఫోల్డర్లో ఐబీడేటా1 అనే ఫైలు తీసేస్తే స్టార్ట్ అవుతుందని రాశాడు. తీసేశా. నిజంగానే స్టార్ట్ అయింది! పచ్చగా వెలిగింది. లోపల టేబుళ్ల పేర్లు ఉన్నాయి, తెరిస్తే 'లేదు' అంటుంది. ఏ టేబులు ఎక్కడుందో రాసిపెట్టుకున్న చిట్టా ఆ ఫైల్లోనే ఉంటుందంట. ఇల్లు ఉంది, తాళాలగుత్తి బావిలో వేసినట్టయింది. రీసైకిల్ బిన్‌లో ఉండబట్టి బతికిపోయా.

ఆమీద తెలిసినాయన వచ్చి చేసింది ఇదీ. ముందు మొత్తం డేటా ఫోల్డరుని పక్కన ఒక కాపీ తీశాడు, ఏం చేసినా ఆ కాపీ ముట్టుకోకుండా. తర్వాత డేటా ఫోల్డరుకి పేరు మార్చి, ఎక్సాంప్ తనతో ఇచ్చే బ్యాకప్ ఫోల్డర్ని కాపీ చేసి దానికి డేటా అని పేరు పెట్టాడు. అందులోకి మా డేటాబేసు ఫోల్డరునీ, పాత ఐబీడేటా1నీ తెచ్చి పెట్టాడు. లేచింది. అందరికీ లేవాలని లేదు, నాకు లేచింది.

మరి బ్యాకప్ లేదా అంటారా? ఉంది. వారం వారం తీశా. అదింకో కథ. డేటాబేసు మొత్తాన్నీ బయటికి తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ కమాండుని పవర్‌షెల్‌లో కొట్టి, బాణం గుర్తు పెట్టి ఫైల్లోకి పంపేవాణ్ణి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ ఆ బాణం దగ్గర అక్షరాలన్నీ యూటీఎఫ్-16 అనే వేరే అక్షరాల కోడులోకి తిరగరాస్తుంది. ఇంగ్లిషులో ఉన్న కొనుగోలుదార్ల పేర్లు బతికాయి, తెలుగులో రాసుకున్న రైతుల పేర్లన్నీ గీతలూ పెట్టెలూ అయిపోయాయి. రెండేళ్లు ప్రతి శనివారం శ్రద్ధగా చెత్త దాచుకున్నా. కాబట్టి పాత నల్ల సీఎండీ కిటికీలో కొట్టండి, లేదంటే బాణం మానేసి రిజల్ట్-ఫైల్ అనే ఆప్షన్ వాడండి.

తీసిన బ్యాకప్‌ని నెలకోసారి ఇంకో కంప్యూటర్లో ఎక్కించి చూడండి. సాయంత్రం ఆపేటప్పుడు ప్యానెల్లో స్టాప్ నొక్కి ఆపండి, టాస్క్ మేనేజర్లో గొంతు పిసకొద్దు.

#12 కలంకారీ_అక్క
శుక్రవారం, సాయంత్రం 4:45

మాది శ్రీకాళహస్తి. నేనూ చదువుతూనే ఉన్నా, సగం అర్థమైంది. నాకు చీరల ఆర్డర్లన్నీ ఫోన్లోనే వస్తాయి తమ్ముడూ. పెన్ కలంకారీ కాబట్టి ఒక్కో చీరకి వారాలు పడుతుంది, ఎవరికి ఏ రంగు చెప్పామో గుర్తుండదు. ఇది కంప్యూటర్లో పెడితే ఫోన్లో కనపడుతుందా? ఇంట్లో కంప్యూటర్ ఉంది, నేను వర్క్‌షాపులో ఉంటా.

#13 మెమరీ_లీక్
శుక్రవారం, రాత్రి 9:05

కనపడుతుంది అక్కా. రెండు రకాలు.

ఒకే వైఫైలో ఉంటే తేలిక. సర్వరు కంప్యూటర్లో సీఎండీ కిటికీలో ఐపీకాన్ఫిగ్ కొడితే 192.168తో మొదలయ్యే నంబరు వస్తుంది. ఫోన్ బ్రౌజర్లో అదీ, పోర్టూ కొట్టడమే. రాకపోతే విండోస్ ఫైర్‌వాల్ అడ్డుకుంటోంది. నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేసి అపాచీని అనుమతించాలి. రౌటర్లో ఆ కంప్యూటరుకి ఆ నంబరే ఎప్పుడూ ఇవ్వమని రిజర్వ్ చేయండి, లేదంటే రౌటరు ఆపి పెట్టినప్పుడు నంబరు మారొచ్చు. కంప్యూటరు స్లీప్‌లోకి పోకుండా పవర్ సెట్టింగ్ మార్చండి. ఎస్పో సెట్టింగ్స్‌లో సైట్ యూఆర్ఎల్ లోకల్‌హోస్ట్ అని ఉంటే అక్కడ కూడా ఈ నంబరు వేయాలి, లేకపోతే మెయిల్లో వచ్చే లింకులు ఫోన్లో తెరుచుకోవు.

బయట నుంచైతే జాగ్రత్త. రౌటర్లో పోర్ట్ తెరవమని ఎవరైనా చెప్తే వినొద్దు. ఎక్సాంప్ తయారైందే ప్రోగ్రామర్లు సొంతంగా ప్రయోగాలు చేసుకోవడానికి. డేటాబేసు రూట్ యూజరుకి పాస్‌వర్డే లేకుండా వస్తుంది. దాన్ని వీధిలో పెట్టకూడదు. ఎలాగూ చాలా ఇంటి కనెక్షన్లలో సొంత పబ్లిక్ ఐపీ (బయటికి కనపడే ఇంటర్నెట్ అడ్రసు) ఉండదు, కంపెనీ ఒక ఐపీని వందల మందికి పంచుతుంది, పోర్ట్ తెరిచినా బయటివాళ్లు మీ దాకా రాలేరు. టెయిల్‌స్కేల్ లాంటిది కంప్యూటర్లో, ఫోన్లో రెండింట్లో వేసుకుంటే మీ రెండింటి మధ్యే తాళం వేసిన దారి ఏర్పడుతుంది. కొద్దిమందికి ఉచితమే.

కొండదారి గారూ, మీకు వేరే మాట. యాత్రికుల ఆధార్ కాపీలు వాట్సాప్‌లో వస్తుంటాయి కదా, వాటిని సీఆర్ఎంలో అటాచ్ చేయకండి. బండి పంపడానికి ఆధార్ ఎందుకు? వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టం కూడా వచ్చింది. మీ దగ్గర లేనిది మీ దగ్గర్నుంచి పోదు.

#14 కొండదారి
ఆదివారం, ఉదయం 10:20

ఆధార్ మాట నిజమే, తీసేశాను. ఇప్పుడు నిన్నటి గొడవ.

శనివారం తెల్లవారుజామున 4 గంటలకి రేణిగుంట స్టేషన్లో పికప్. ఎస్పోలో మీటింగ్‌గా వేసి, గంట ముందు రిమైండర్ పెట్టాను. మా తమ్ముడు రాత్రి డ్యూటీ, స్క్రీన్ ముందే కూర్చున్నాడు. 3 అయింది, ఏమీ రాలేదు. వాడు డైరీ కూడా చూసే అలవాటున్న మనిషి కాబట్టి బండి పోయింది. రిమైండర్ పొద్దున ఎనిమిదిన్నరకి టింగ్‌మని మోగింది! అప్పటికి వాళ్లు కొండ మీద టిఫిన్ తింటున్నారు.

#15 పాతకీబోర్డు
ఆదివారం, ఉదయం 10:50

ఐదున్నర గంటలు ఆలస్యం. ఆ అంకె చూస్తేనే తెలుస్తుంది, టైమ్ జోన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మీద వదిలేశారు. మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. సెట్టింగ్స్‌లో ఆసియా/కోల్‌కతా పెట్టండి. ఇప్పటికే వేసిన పికప్‌లన్నీ ఐదున్నర గంటలు ముందుకు జరిగి కనిపిస్తాయి, 4 గంటలది తొమ్మిదిన్నర అంటుంది. వాటిని ఒక్కొక్కటే సరిచేయాలి. ఇప్పుడే చేయండి, యాభై అయ్యాక ఏడుస్తారు.

ఇంకోటి అడుగుతా. క్రాన్ పెట్టారా? మెయిల్లో రిమైండర్లు వెళ్లాలన్నా, మెయిల్ లోపలికి రావాలన్నా క్రాన్ డాట్ పీహెచ్‌పీ అనే ఫైలు నిమిషానికోసారి నడవాలి. విండోస్‌లో ఆ పని టాస్క్ షెడ్యూలర్‌ది. మళ్లీ మళ్లీ నడిపే వ్యవధి పెట్టెలో కనీసం ఐదు నిమిషాలే చూపిస్తుంది, కానీ అందులో 5ని చేత్తో 1గా మారిస్తే తీసుకుంటుంది. మామూలు పీహెచ్‌పీ ప్రోగ్రాంతో నడిపితే నిమిషానికోసారి నల్ల కిటికీ మెరిసి మాయమవుతుంది, ట్యాలీలో ఎంట్రీలు వేసే అమ్మాయి మిమ్మల్ని తిడుతుంది. పక్కనే పీహెచ్‌పీ-విన్ అని ఇంకోటి ఉంటుంది, దానికి కిటికీ ఉండదు.

#16 కొండదారి
సోమవారం, రాత్రి 10:15

ఆ అమ్మాయి ఆల్రెడీ తిట్టింది. పీహెచ్‌పీ-విన్ పెట్టాక ప్రశాంతం. పికప్‌లు ఇరవై మూడు, కూర్చుని సరిచేశాను.

ఎక్సెల్ లిస్టు ఎక్కించబోతే కొత్త వింత. తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలు. ఫోన్ నంబర్లు 9.19ఈ+11 అని, అందరివీ ఒకటే.

#17 మెమరీ_లీక్
సోమవారం, రాత్రి 10:32

ఎస్పో తప్పు కాదు, ఎక్సెల్లో సేవ్ చేసినప్పుడే పోయాయి. ఉత్త సీఎస్‌వీ (కామాలతో విడదీసిన అక్షరాల ఫైలు) కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఇంకో రకం ఉంటుంది, అది ఎంచుకోవాలి. మీది పాత ఎక్సెల్ అయి అది కనపడకపోతే లిబ్రేఆఫీసులో తెరిచి సేవ్ చేయండి, అక్షరాల రకం అడుగుతుంది. నంబర్ల కాలమ్‌ని ముందు నంబర్ ఫార్మాట్‌కి మార్చి, దశాంశాలు సున్నా చేసి, పూర్తిగా కనపడ్డాకే సేవ్ చేయండి. ఆ సీఎస్‌వీని తిరిగి ఎక్సెల్లో డబుల్ క్లిక్ చేసి చూడొద్దు, నంబర్లు మళ్లీ ముడుచుకుంటాయి. నోట్‌ప్యాడ్‌లో చూడండి. ముందు పది వరుసలే ఎక్కించి చూసుకుని, ఆ తర్వాతే మొత్తం.

#18 పల్ప్‌డ్రమ్ము
సోమవారం, రాత్రి 10:58

జిల్లా కాలమ్ ఉంటే దాన్ని కూడా చూసుకోండి స్వామీ. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది కదా. నా లిస్టులో శ్రీకాళహస్తి ఒక వరుసలో చిత్తూరు జిల్లా, ఇంకో వరుసలో తిరుపతి జిల్లా. సూళ్లూరుపేట రైతు ఇప్పటికీ నెల్లూరే. నేను జిల్లా తీసేసి పిన్‌కోడ్ పెట్టుకున్నా.

#19 అలిపిరి_మెట్లు
మంగళవారం, ఉదయం 6:50

అంతా బాగుంది. మీ తమ్ముడు అందులో రాస్తున్నాడా, ఇంకా వాట్సాప్‌లోనేనా?

#20 కొండదారి
మంగళవారం, రాత్రి 9:10

దొరికిపోయా. రాయట్లేదు. "పదకొండు పెట్టెలు నింపేలోపు కస్టమర్ ఫోన్ పెట్టేస్తాడు" అంటాడు. వాడన్నదీ నిజమే. లేఅవుట్ మేనేజర్‌లోకి వెళ్లి ఫోన్, పేరు, బండి, డ్రైవరు, ఒక నోట్సు పెట్టె తప్ప అన్నీ తీసేశాను. డ్రైవర్ల పేర్లు టైపు చేయనక్కర్లేకుండా లిస్టు పెట్టాను. ఈ రోజు ఆరు రాశాడు, అందులో ఒకదానికి నోట్సు కూడా.

#21 కలంకారీ_అక్క
బుధవారం, ఉదయం 11:00

మా అబ్బాయి ఆదివారం వచ్చి పెట్టిపోయాడు. ఫోన్లో వస్తోంది. రంగు పెట్టెలో తెలుగులోనే రాస్తున్నా, కరక్కాయ నలుపు, మంజిష్ఠ ఎరుపు అని. చక్కగా ఉంది.

#22 కొండదారి
రెండు నెలల తర్వాత, శనివారం రాత్రి 8:30

చెప్పి పోదామని వచ్చాను. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించా. రాత్రి పదకొండుకి ఫోల్డరు కాపీ, డేటాబేసు డంప్ రెండూ సీఎండీ ఫైలు ద్వారా బయటి హార్డ్ డిస్కులోకి పోతున్నాయి. ఎస్పోలో అటాచ్ చేసినవి డేటాబేసులో కాదు, ఫోల్డర్లో ఉంటాయని ఇక్కడెవరూ చెప్పలేదు, నేనే తెలుసుకున్నా. పోయిన ఆదివారం ఆ బ్యాకప్‌ని మా ఇంటి ల్యాప్‌టాప్‌లో ఎక్కించా. మొదటిసారి పాస్‌వర్డు సరిపోక లేవలేదు, కాన్ఫిగ్ ఫైల్లో మారిస్తే లేచింది. తెలుగు పేర్లు తెలుగులోనే ఉన్నాయి పల్ప్‌డ్రమ్ము గారూ, ముందు అవే చూశా.

నిన్న సేలం నుంచి ఫోన్. "పోయినసారి వచ్చిన డ్రైవరు" అన్నారు. నంబరు కొట్టి, పేరు చదివి, "అమ్మగారికి ముందు సీటే కదా" అన్నాను. అవతల ఆయన తమిళంలో పక్కనున్న వాళ్లకి ఏదో చెప్పి నవ్వాడు. ఆ డ్రైవరు మా దగ్గర మానేసి నెలైంది, ఆ సంగతి చెప్పడమే కష్టమైంది.

#23 పల్ప్‌డ్రమ్ము
శనివారం, రాత్రి 8:52

ఆ హార్డ్ డిస్కు ఎప్పుడూ కంప్యూటరుకే తగిలించి పెట్టారా స్వామీ? పిడుగు పడితే రెండూ పోతాయి. ఇంకోటి కొని ఇంట్లో పెట్టండి.

#24 కొండదారి
శనివారం, రాత్రి 9:03

తగిలించే ఉంది. రేపే కొంటా.